యుద్ధం చేసి వచ్చిన పెద్దలు మీ ఇంట్లో ఉన్నారా? వాళ్ళు ఇంట్లో ఏం చెప్పేవారు?

మా నాయన ఉండేవాడు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సరిహద్దున శకర్‌గఢ్ వైపు ఫిరంగుల దగ్గర పనిచేశాడు. ఇంట్లో మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. యుద్ధం నిజంగా చూసొచ్చినవాళ్ళు కథలు చెప్పరు, చెప్పేవాళ్ళు చూసి ఉండరు. ఇది నా గట్టి నమ్మకం. ఆయన నోటి నుంచి నేను విన్నది ఒక్క ముక్కే. అది కూడా బొంబాయి రోడ్డు మీద.

మాది మక్తల్ దగ్గర పల్లె. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట. నాయన 1966లో సైన్యంలో చేరి గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాడు. తాత చనిపోయి ఇల్లు చూసుకునేవాళ్ళు లేక తొమ్మిదేళ్ళకే వచ్చేశాడు, పెన్షన్ రాలేదు. చేను ఉంది గానీ వాన లేదు. ఊళ్ళో సగం మంది లాగే ఆయన కూడా కృష్ణ స్టేషన్‌లో బొంబాయి మెయిలెక్కాడు. మా మేనమామ పట్టుబట్టి, రేవు కూలీల పేర్లు రాసుకుని పని పంచే డాక్ లేబర్ బోర్డులో పేరెక్కించాడు. 1948 నాటి చట్టం ప్రకారం అక్కడ పేరున్నవాళ్ళకు ఓడ రాని రోజు కూడా ఎంతో కొంత హాజరు డబ్బు వచ్చేది. మా ఇంటికి ఏ నెలా మనియార్డరు ఆగకపోవడానికి అదే కారణం.

1983 ఎండాకాలం సెలవుల్లో అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని బొంబాయి వెళ్ళింది. నాకు ఏడేళ్ళు. పీర్ల పండుగకు వచ్చి పోయిన నాయనను మళ్ళీ చూడటం అదే. షిఫ్ట్ అయ్యే వేళకు రేవు ఎల్లో గేట్ దగ్గర నిలబడ్డాం. లోపలి నుంచి మనుషులు గుంపుగా వచ్చారు, అందరూ తెల్లగా ఉన్నారు. ఆ రోజు ఎరువు బస్తాలు దించారట. కనుబొమ్మల మీద, చెవుల్లో, మెడ ముడతల్లో అంతా పొడి. వాళ్ళలో మా నాయన ఎవరో నాకు తెలియలేదు. ఆయనే నన్ను పిలిచాడు. ఉరికి పోయి కాళ్ళు పట్టుకోబోతే రెండడుగులు వెనక్కి జరిగి, "ముట్టకు బిడ్డా, కండ్లు మండుతయి" అన్నాడు.

నేను అక్కడే ఏడుపు అందుకున్నాను. నాయన భుజం మీది కొక్కెం తీశాడు. బస్తాలు గుచ్చి లాగే ఇనుప కొక్కెం అది. చెక్క పిడి, ఏళ్ళ తరబడి అరచేతిలో అరిగి గచ్చులా నున్నగా ఉండేది. మొనకు తువ్వాలు చుట్టి అటు తను పట్టుకుని, పిడి నా చేతికి ఇచ్చాడు. అట్లా ఆ కొస ఆయన, ఈ కొస నేను, నాయన గది ఉన్న కామాటిపుర దాకా నడిచాం. బడి గురించి, చచ్చిపోయిన లేగదూడ గురించి నేను ఏకధాటిగా చెప్తూనే ఉన్నాను. ఆయన పలకడం లేదు. కాసేపటికి ఆగి, "ఇటు పక్కకు రా, ఆ చెవు పని చెయ్యదు. ఫిరంగి తినేసింది" అన్నాడు. కుడిపక్కకు మార్చుకున్నాడు. యుద్ధం గురించి ఆయన నాకు చెప్పింది అంతే. గదికి చేరాక వీధి కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి తానం చేసి, అప్పుడు ఎత్తుకున్నాడు.

కామాటిపుర అనగానే వేశ్యావాటిక అని మొహం అదోలా పెట్టేవాళ్ళున్నారు. ఆ పేరు మన కామాటీలది. నిజాం రాజ్యం నుంచి పోయి ఆ నగరానికి ఇళ్ళు కట్టిన తెలుగు కూలీలది. ఇది తెలియకుండా వెకిలిగా నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. నాయన ఊరికొస్తే జనం అడిగేది క్యాంటీన్ మందు దొరుకుతుందా అని. ఆగస్టు 15న బడిలో శాలువా కప్పి, "మాజీ సైనికుడు" అని మైకులో చెప్పేవాళ్ళు. పదిహేనేళ్ళకు పైగా రేవులో చేసిన పని మాత్రం ఎవరికీ పట్టదు, "వలస పోయిండు" అని ఒక్క మాటతో సరి. ఆయన ఫిరంగిలో పెట్టిన గుండు 25 పౌండ్లది, అంటే పదకొండు కిలోల పైచిలుకు. రేవులో వీపున మోసిన బస్తా దానికి ఎన్నో రెట్లు. దేశం తిన్న గోధుమలు, చేలల్లో చల్లిన ఎరువులు ఇట్లాంటి వీపుల మీదుగానే దిగాయి. అది దేశసేవ ఎందుకు కాదో నాకు ఎవరైనా చెప్పాలి. పాలమూరు అంటే కరువు, జాలి అని రాసేవాళ్ళు ఆ పనిలోని నేర్పు గురించి ఎప్పుడైనా రాశారా? బస్తాను ఎక్కడ గుచ్చితే చిరగకుండా లేస్తుందో తెలియాలంటే ఏళ్ళు పడుతుందని నాయన అనేవాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉండే గర్వం, పతకాల గురించి అడిగినప్పుడు ఎన్నడూ లేదు.

1989లో బొంబాయికి ఎదురుగా నావా శేవాలో కంటెయినర్ల రేవు తెరిచారు. కంటెయినర్లు పెరిగేకొద్దీ బస్తాలు మోసే కూలీల గ్యాంగులకు పని తగ్గింది. రెండేళ్ళకు నాయన ఇంటికొచ్చేశాడు. తర్వాత ఇరవై ఏళ్ళు మాతోనే ఉన్నాడు, అమ్మ ఎప్పుడూ ఆయన కుడిపక్కనే కూర్చునేది.

ఆయన పోయాక తమ్ముడు పతకాలు తీసుకున్నాడు, తీసుకోవాల్సిందే. నేను కొక్కెం అడిగాను. అమ్మ పెట్టె అడుగు నుంచి తీసి, మొనకు పాత తువ్వాలు చుట్టి, పిడి నా వైపు పెట్టి ఇచ్చింది.