బోరు ఎక్కడ ఆపాలో చెప్పగలిగేవారిని పిలవండి

“హైదరాబాద్ శివారులో ఇల్లు కడుతున్నాం, బోరులో నీళ్లు ఎక్కడ పడతాయో కచ్చితంగా చెప్పే పద్ధతి ఏది?” అని మీరు అడిగారు. అలాంటి పద్ధతి లేదు. ఇంతటితో ఊరుకోవచ్చు గానీ, ‘కచ్చితంగా’ అన్న ఆ ఒక్క మాటకు మా ఇంట్లో లక్ష రూపాయలకు పైగా ఖర్చయింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

2019 వేసవిలో బోడుప్పల్ వైపు ఉన్న మా స్థలంలో బోరు వేయించాలని నాన్నగారు ఇద్దరిని పిలిపించారు. మొదట వచ్చిన జియాలజిస్టు నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తూ, వాటిని దూరం జరిపి మళ్లీ కొలుస్తూ రెండు గంటలు లెక్కలు రాసుకున్నారు. చివరికి ఈశాన్యం మూల ఒక పాయింటు చూపించి, “నూటికి అరవై పాళ్లు అవకాశం ఉందండి. మూడు వందల అడుగుల దాకా చూడండి, పడకపోతే ఆపేయండి” అన్నారు. “అరవై పాళ్లేమిటండీ, పడతాయా పడవా?” అని నాన్నగారు నిలదీస్తే, “లోపలికి దిగి చూడలేదు కదండీ” అన్నారాయన. నాన్నగారికి ఆ జవాబు నచ్చలేదు.

మర్నాడు కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయన వచ్చారు. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కాయ గేటు పక్కన నిటారుగా లేచింది. “రెండు వందల ఇరవై అడుగుల్లో మూడించుల నీళ్లు. పడకపోతే నా రెండు వేలూ వాపసు ఇస్తాను” అన్నారు. మేమంతా ఆ హామీకే లొంగిపోయాం. పది చోట్ల చెబితే కొన్ని చోట్ల ఎలాగూ నీళ్లు పడతాయి, అక్కడ ఫీజు ఆయనకు మిగులుతుంది. పడని చోట ఆయన పోగొట్టుకునేది రెండు వేలు, మనం పోగొట్టుకునేది మొత్తం బోరు ఖర్చు. ఈ చిన్న లెక్క ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు.

రాత్రి పదింటికి బోరు వేసే బండి వచ్చింది. నూట నలభై అడుగుల దగ్గర కాస్త తడి తగిలింది, ఆ తర్వాత అంతా తెల్లటి పొడే. రెండు వందల ఇరవై దాటింది. నిజానికి అక్కడే ఆపాలి. కానీ అంత నమ్మకంగా చెప్పిన మనిషి తప్పు చెప్పి ఉంటాడా, నాలుగడుగులు అటూ ఇటూ అయి ఉంటుందని ఇరవై అడుగుల రాడ్డు ఒకటి దింపించాం, తర్వాత ఇంకొకటి, తర్వాత మరొకటి. తెల్లవారుజామున మేస్త్రీ పారతో పట్టిన పొడిని నాన్నగారి అరచేతిలో పోశాడు. వేడిగా, పిండిలా ఉంది. జామచెట్టు ఆకులన్నీ తెల్లబడిపోయాయి. “ఇంకో రాడ్డు వేయి” అన్నారు నాన్నగారు. 720 అడుగుల దగ్గర డబ్బులు అయిపోయాయి కాబట్టి ఆగాం.

ఖాజాగూడ గుట్టల దగ్గర ఒక బండ పక్కన నిలబడి చూస్తే, నీళ్లు ఎక్కడ పడతాయో ఎవరూ కచ్చితంగా ఎందుకు చెప్పలేరో అర్థమవుతుంది. మన నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన మెత్తబడిన పొర దాటాక నీరు ఉండేది దాని పగుళ్లలోనే. ఒక చోట పగులు ఉంటుంది, పదడుగుల అవతల రాయి అద్దంలా ఉంటుంది. అందుకే గోడకు ఇవతల బోరు ఎండిపోయినా అవతల నీళ్లు పడతాయి. లోతుకు పోయే కొద్దీ సాధారణంగా ఆ పగుళ్లూ తగ్గుతాయి. కడ్డీల పరికరం కూడా నీటిని చూడదు, కరెంటుకు నేల ఎంత అడ్డుపడుతుందో కొలుస్తుంది. నీరున్న చోట ఆ అంకె తగ్గుతుంది, కానీ బంకమట్టి ఉన్నా అలాగే తగ్గుతుంది. అందుకే, మీటలు నొక్కి “182 అడుగులు” అని చూపించే యంత్రాలతో ఇల్లిల్లూ తిరుగుతున్న వారి మీద నాకు కోపం. అంత సూక్ష్మమైన అంకె వినగానే మనిషి ప్రశ్నించడం మానేస్తాడు.

మరుసటి ఏడాది జియాలజిస్టు చూపిన ఈశాన్యం మూలనే వేయించాం. 190 అడుగుల్లో ఇంచున్నర పడింది. ఏప్రిల్ దాటితే ఆగి ఆగి వస్తుంది. అక్కడా పడకపోయే అవకాశం ఉంది, కానీ పడకపోతే మూడు వందల దగ్గర బండిని పంపించేసేవాళ్లం.

కాబట్టి వచ్చినవారిని రెండు విషయాలు అడగండి: నూటికి ఎన్ని పాళ్లు అవకాశం ఉంది, పడకపోతే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలి. మొదటిదానికి “నూటికి నూరు” అన్నవారికి టీ ఇచ్చి పంపించేయండి. రెండో అంకెను కాగితం మీద రాయించుకుని, బండి వచ్చిన రాత్రి ఇంటి పెద్దవారి చేతిలో పెట్టండి.