షెడ్లు వేయించే పని కూడా ఇంజినీరింగేనా?

ప్రశ్న: మాది దేవరకద్ర దగ్గర పల్లె. మా అబ్బాయి సివిల్ డిప్లొమా ఈ ఏడాదితో అయిపోతుంది. ఒక నిర్మాణ కంపెనీ సైటులో తాత్కాలిక వసతుల ప్లానింగ్ చూసే ఉద్యోగం ఇస్తామంటోంది. లేబర్ క్యాంపు, సిమెంట్ గోదాం, స్టీల్ యార్డు లాంటివట. నేను మేస్త్రి వెంట వలసపోయి గుడిసెల్లో బతికినవాణ్ని. నా కొడుకు కూడా అవే గుడిసెలు వేయించుకుంటూ ఉండాలా?

జవాబు: మీ బాధ అర్థమైందన్నా. అయినా వద్దనకండి. మీరు గుడిసెల్లో ఉండాల్సి వచ్చిందంటే, ఇంతమంది వస్తారు, ఎక్కడుంటారు, ఏం నీళ్లు తాగుతారు అని ముందుగా లెక్క వేసినవాళ్లు అక్కడ లేరన్నమాట. మీ అబ్బాయిని పిలుస్తున్నది ఆ లెక్క వేయడానికే.

500 మంది కూలీలకు తలా 70 లీటర్లు అనుకున్నా రోజుకు 35,000 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. బోరు వేస్తే సరిపోతుందా? నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు సైటైతే ఫ్లోరైడ్ పరీక్ష చేయించనిదే ఆ నీళ్లు తాగనివ్వకూడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. మరుగుదొడ్లు బోరుకు దూరంగా, పల్లంలో ఉండాలి. బ్యాచింగ్ ప్లాంటు (కాంక్రీటు కలిపే చోటు) దుమ్ము క్యాంపు మీదికి రాకుండా గాలివాటం చూడాలి.

అన్నిటికంటే కష్టం స్టీల్ యార్డుకు చోటు చూడటం. ఇప్పుడు ఖాళీగా ఉంది కదా అని దింపిస్తారు. ఆర్నెల్లకు అక్కడే రెండో బ్లాకు పునాది తవ్వాల్సి వస్తుంది. టన్నుల కొద్దీ ఇనుము మళ్లీ క్రేన్లతో ఎత్తి పక్కకు జరపాలి, ఆ ఖర్చంతా దండగే. అందుకే ఏ నెలలో ఏ జాగా ఖాళీ అవుతుందో చూసుకుంటూ సైటు ప్లాను మార్చి మార్చి గీయాలి. ఇది పట్టుబడినవాడికి ప్రాజెక్టు మొత్తం అర్థమవుతుంది. ప్లానింగ్ ఇంజినీరుగా ఎదగడానికి ఇంతకంటే మంచి మొదలు నాకు కనబడదు.

కూలీలకు ఉచిత వసతి, వంటకు, స్నానానికి వేరే చోటు ఉండాలని, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల కోసం గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది (2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది). అలాంటి వసతులు సైటులో కనబడేలా చేసే అవకాశం మీవాడి చేతికొస్తోంది. మీ అనుభవం వాడికి చెప్పండి. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి మే నెల మధ్యాహ్నం రేకుల కింద కన్ను మూయలేడని ఏ పుస్తకం చూసి నేర్చుకుంటాడు?

డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ మాత్రం రాయించండి. మంచి ప్రభుత్వ కాలేజీలో బీటెక్ రెండో ఏడాదిలో సీటొస్తే ముందు చదువే. రాకపోతే ఈ ఉద్యోగంలో చేరమనండి. కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఇప్పుడే నేర్చుకోవాలి, ఏ పని ఎప్పుడు జరగాలో షెడ్యూలు వేసే ప్రైమవెరా చేరాక నేర్చుకోవచ్చు. ఆఫర్ లెటర్‌లో హోదా ప్లానింగ్ అని ఉందో, సూపర్‌వైజర్ అని ఉందో చూడండి. సూపర్‌వైజర్ అని ఉంటే, సైటు ప్లాను గీసే పని తనకిస్తారో లేదో సంతకం పెట్టకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోమనండి.