ల్యాబ్ నుంచి వార్డులోకి

ప్రశ్న: మేడమ్, నేను మైక్రోబయాలజీ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగంలో పనిచేయాలని ఉంది. అది నర్సింగ్ వాళ్ళకే దక్కే పని అని స్నేహితురాలు అంటోంది. రోగాల మధ్య తిరిగే ఉద్యోగం వద్దని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా రామ్మా. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో నర్సింగ్ తప్పనిసరి అని ఉంటుంది, అవి వదిలెయ్. నేను నర్సింగ్ నుంచే వచ్చాను. మా జట్టులో మైక్రోబయాలజీ చదివిన అమ్మాయి ఉంది. శాంపిల్‌లోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ రిపోర్టులో ఏది నిజమైన ఇన్ఫెక్షనో, ఏది చర్మం మీది క్రిమి శాంపిల్‌లో కలిసిందో ఆమె నాకు విడమరిచి చెబుతుంది. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నటి గొట్టం) డ్రెస్సింగ్ ఎలా మారుస్తారో నేను ఆమెకు చూపిస్తాను. నీకున్న లోటు కూడా అదే: రోగి మంచం దగ్గర ఏం జరుగుతుందో చూసి ఉండవు. ఆ లోటు తీరేదే.

ఈ పనిలో సగం లెక్క. ఒక ఐసీయూలో నెలకు రెండు రక్త ఇన్ఫెక్షన్లు, ఇంకోదాంట్లో నాలుగు వచ్చాయనుకో. రెండోదే అధ్వానం అనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో రోగులకు సెంట్రల్ లైన్ ఉన్న రోజులన్నీ కలిపితే 200, రెండోదాంట్లో 1000. అంటే వెయ్యి లైన్ రోజులకు మొదటిచోట 10, రెండోచోట 4. ముందు పరిగెత్తాల్సింది మొదటి ఐసీయూకే. కాబట్టి ఎపిడెమియాలజీ (రోగాలు ఎవరికి, ఎంతగా వస్తున్నాయో లెక్కగట్టే శాస్త్రం), స్టాటిస్టిక్స్ పేపర్లను పాస్ మార్కులతో సరిపెట్టకు.

మిగతా సగం మనుషులతో. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలు బాగా తగ్గించాడు. అంత చేసినా తోటి డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. అంకెలు ఉన్నంత మాత్రాన జనం వింటారనుకోకు. చేతులు శుభ్రం చేసుకోకుండా పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వెళితే నేను రోగి ముందు ఏమీ అనను. హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రావణం) సీసా ఎక్కడుందో చూస్తాను. తలుపు వెనక ఉంటే మంచం కాళ్ళవైపుకు మార్పిస్తాను. తర్వాత ఆయన గదికి వెళ్ళి మాట్లాడతాను.

నీ చదువుకు విలువ ఎక్కడో చెప్తాను. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలున్న రోగి దగ్గర హ్యాండ్ రబ్ చాలదు, సబ్బూ నీళ్ళూ కావాలంటాం. ఎందుకని వార్డు సిస్టర్ అడుగుతుంది. ఆల్కహాల్‌కి స్పోర్లు (ఆ బ్యాక్టీరియా గట్టి పెంకులో దాగిన రూపం) చావవు, కడిగి వదిలించాల్సిందే అని నువ్వు రెండు ముక్కల్లో చెప్పగలవు. కారణం తెలిసినవాళ్ళు మనం లేనప్పుడూ కడుగుతారు.

అమ్మ భయం సహజం, దాన్ని కొట్టిపారేయకు. చేరేముందే హెపటైటిస్ బి టీకా డోసులన్నీ వేయించుకుని, ఒకటి రెండు నెలలకు యాంటీబాడీలు చూపించుకో. తట్టు, ఆటలమ్మలకు రక్షణ ఉందో లేదో తేల్చుకో. టీబీ రోగి గదిలోకి నీ ముఖానికి సరిపోతుందని పరీక్షించిన ఎన్95 పెట్టుకునే వెళ్ళాలి. సూది గుచ్చుకుంటే దాచకూడదు, వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. ఇవన్నీ అమ్మకి కూర్చోబెట్టి చెప్పు.

సీఐసీ అనే ధృవీకరణ పరీక్ష ఈ పనిలో ఉన్నవాళ్ళ కోసం. కొత్తవాళ్ళకు ఏ-ఐపీసీ అనే పరీక్ష ఉంది. రెండింటికీ తొందరేం లేదు. ముందు, పరీక్షలయ్యాక ఏదైనా ఆసుపత్రి సీఎస్ఎస్‌డీలో (పనిముట్లను క్రిమిరహితం చేసే విభాగం) ఒక నెల ఉండనిమ్మని అడుగు. ఆపరేషన్ పనిముట్లు కడిగి, ప్యాక్ చేసి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టేదాకా పక్కన నిలబడి చూడు. కడగడం సరిగా లేకపోతే ఆవిరి ఏమీ చేయలేదని అక్కడి టెక్నీషియన్లకు బాగా తెలుసు, వాళ్ళని అడిగి నేర్చుకో.