వేరే వేరే సంస్కృతుల బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలకు ఇప్పుడే అవసరమా, పెద్దగైనంక చాలదా?

అవసరమే, బడికి పోకముందే, ఒళ్లో కూసొని పేజీలు తిప్పే వయసు నుంచే చూపియ్యాలె. చిన్నపిల్లలకు తేడాలేం తెలుస్తయి అనుకుంటం గానీ మూడు నెలల పిల్లలే రోజూ చూసేటి రకం మొఖాల దిక్కు ఎక్కువసేపు చూస్తరు, అంటే తేడా కనవడుతనే ఉంటది, అది మామూలే అని అలవాటు చేసేది మనమే. 1990ల రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ప్రొఫెసర్ పుస్తకాన్ని అద్దంతోటి, కిటికీతోటి పోల్చింది, అద్దంల మన ఇల్లు, కిటికీల వేరేవాళ్ల ఇల్లు, పిల్లలకు రెండూ కావాలె.

హనుమకొండ పాపకు బతుకమ్మ బొమ్మ చూపిస్తే తంగేడు పువ్వు మీద వేలు పెట్టి "మనది" అంటది, అది అద్దం. దండారి పండుగల నెమలీకల టోపీ పెట్టుకొని గుస్సాడీ ఆడే నాయనను చూస్తున్న గోండు పిల్లగాని బొమ్మ ఆమెకు కిటికీ, ఆదిలాబాద్ గూడెం పిల్లలకేమో అదే బొమ్మ అద్దమైతది.

చాలామంది ఇట్లాంటివి అంటే ఫారిన్ ఇంగ్లిష్ బుక్స్ అనుకుంటరు, లేకుంటే పండుగలు, డ్రెస్సులు చూపిస్తే అయిపాయె అనుకుంటరు. అది తప్పు. ఎప్పుడూ పండుగ బట్టలల్లనే చూపిస్తే వాళ్లు రోజూ అట్లనే ఉంటరేమో అనుకుంటరు పిల్లలు, అందుకే తండా పిల్ల తప్పిపోయిన మేకపిల్లను ఎతుక్కునే మామూలు కథలు ఇంకా ముఖ్యం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ల తెలుగు బొమ్మల కథలు ఫ్రీగనే ఉన్నయి, ఫోన్ల చదివి వినిపియ్యొచ్చు.