ముందు కాఫీ, తర్వాతే బండి

చిరంజీవి అల్లుడికి, తెనాలి నుంచి మావయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ మీద చాడీలు చెప్పింది. ఇటలీలో, ఆ లెక్కో ఊళ్ళో చదువుకి చేరి ఆరు నెలలైనా గది, క్లాసు, ల్యాప్‌టాప్ తప్ప నీకు ఒక్క మనిషి కూడా పరిచయం కాలేదట. ఇప్పుడేమో అప్పు చేసైనా సరే సెకండ్ హ్యాండ్ మోటో గుజ్జి బండి కొంటానంటున్నావట. "వాడికి నీ పోలికే వచ్చింది, నువ్వే చెప్పుకో" అని ఫోన్ పెట్టేసింది.

బండి వద్దని నేను చెప్పను. చెప్పే మొహమా నాది? కాకపోతే ఇప్పుడే కొనకు. ముందు అక్కడ ఆ బళ్ళు నడిపేవాళ్ళతో నాలుగు ఆదివారాలు కాఫీ తాగు. ఇంకో మాట, అది గుజ్జి కాదు, గుట్సి. నేనూ అక్కడున్నప్పుడు మొదట్లో మామిడిపండు గుజ్జులాగే పలికేవాణ్ణి. వాళ్ళు నవ్వుకుని ఊరుకునేవాళ్ళు.

నువ్వున్న చోటి నుంచి సరస్సు పక్కగా వెళ్ళే రైలెక్కితే కాసేపట్లో మండెల్లో వస్తుంది. కంపెనీ పుట్టిన 1921 నుంచీ ఆ బళ్ళకి ఇల్లు ఆ ఊరే. తాత, తండ్రి, కొడుకు అదే ఫ్యాక్టరీలో పనిచేసిన ఇళ్ళున్నాయి. అందుకే అక్కడ బండి గురించి మాట్లాడటమంటే ఇంట్లోవాళ్ళ గురించి మాట్లాడటమే. ఇది మనసులో పెట్టుకుంటే సగం తప్పులు చెయ్యవు.

నేను పెట్టుకోలేదు కాబట్టి చేశాను. నేను వెళ్ళిన కొత్తలో ఒక పెద్దాయన ఎర్ర ఫాల్కోనె వేసుకుని వచ్చాడు. పాతకాలపు 500 సీసీ గుట్సి బండి, అద్దంలా తుడిచి పెట్టుకున్నాడు. నేను ఊరుకోక, "ఎంత పడింది?" అన్నాను. మన దగ్గర కొత్త బండి చూస్తే మొదట అడిగేది అదేగా, ఆ తర్వాత మైలేజీ. చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆయన మాత్రం మామూలుగానే, "మా నాన్నది" అన్నాడు. ఆ పూట నా మొహం చూడాలి.

నువ్వు ధర అడక్కు. "దీని మీద ఎక్కడిదాకా వెళ్ళావు?" అని అడుగు. ఇక నీకు పనుండదు, వాళ్ళే మాట్లాడతారు. ట్యాంకు మీది గద్ద బొమ్మ కథ చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కార్లో గుట్సి, జార్జో పరోది, జొవాన్ని రవెల్లి కలిసి బళ్ళు చేద్దామనుకోవడం, 1919లో రవెల్లి విమాన ప్రమాదంలో పోవడం, మిగిలిన ఇద్దరూ అతని గుర్తుగా రెక్కలు చాచిన గద్దని పెట్టుకోవడం. నీకు ముందే తెలుసని చెప్పకు. 1928లో కార్లో తోడబుట్టిన జుసెప్పె, వెనక సస్పెన్షన్ పెట్టిన కొత్త బండిని పరీక్షించడానికి నార్వే ఉత్తర ప్రాంతం దాకా నడిపిన కథైతే నేను ముప్ఫైసార్లు విని ఉంటాను. ఒక్కొక్కరి నోట ఆ రోడ్డు ఇంకాస్త పాడైపోతూ ఉండేది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి బార్ దగ్గర అంటే తొమ్మిదికే. బార్ అంటే కంగారు పడకు, అక్కడ కాఫీ హోటల్ని అలాగే అంటారు. కౌంటర్ దగ్గర నిలబడి రెండు గుక్కల్లో తాగేసి బయటికొస్తారు. అసలు కబుర్లన్నీ బయట బళ్ళ మధ్యన. మూడోసారి వెళ్ళేసరికి ఒక్క రౌండ్ నువ్వు ఇవ్వు, వాళ్ళు వద్దన్నా సరే. స్టూడెంటువి కదా అని రెండోసారి ఇవ్వనివ్వరు, అది వేరే సంగతి.

పిలుపు విషయంలో నీకు నాలుక తిరగదు. కాలేజీలో ప్రొఫెసర్‌ని "లేయ్" అంటున్నావు కదా, మన "మీరు" లాగా. బండివాళ్ళ మధ్య అది కుదరదు, వయసుతో పనిలేకుండా "తూ" అనాలి. మన చెవికి ఉమ్మినట్టుంటుంది గానీ అర్థం "నువ్వు" అనే. డెబ్బై ఏళ్ళాయన్ని నేను గౌరవంగా "లేయ్" అంటే, వెనకాల ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూశాడు.

బండి లేకుండా ఎలా వెళ్ళను అంటావా? ఎవరో ఒకరి వెనక సీటు ఖాళీగానే ఉంటుంది. వెనక కూర్చునే అమ్మాయిని వాళ్ళ యాసలో "జవొర్రీనా" అంటారు, పడవకి వేసే బరువు లాంటిదని. నీకూ ఆ పేరే పెట్టి ఏడిపిస్తారు, పడు. కదలకుండా కూర్చుని మలుపులో బండితో పాటు ఒరిగితే మళ్ళీ పిలుస్తారు. ఎక్కేముందు ఎవరో ఒకరు నిన్ను బండి మీద కూర్చోబెట్టి, "కాస్త యాక్సిలరేటర్ తిప్పు" అంటారు. తిప్పగానే నిలబడ్డ బండి కుడివైపుకి ఊగుతుంది. ఇంజన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్, బండి పొడుగునా ఉంటుంది కాబట్టి వీళ్ళ వీ-ట్విన్ బళ్ళు, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండేవి, చాలావరకు అంతే. నువ్వు ఉలిక్కిపడతావేమో చూడాలని వాళ్ళ సరదా. నేను ఈ కాగితం రాసినట్టు చెప్పకుండా కాస్త ఉలిక్కిపడు.

భోజనం దగ్గర నీకు ఇబ్బంది లేదు. కొండల్లోకి వెళ్తే మొక్కజొన్న పిండితో పొలెంటా పెడతారు. పెద్ద గిన్నెలో కర్రతో కలుపుతుంటే మన సంకటి గుర్తొస్తుంది. పక్కన పచ్చడి లేదన్న దిగులే తప్ప. శాకాహారమంటే పిట్సొక్కెరి అడుగు, అదొక రకం పాస్తా, క్యాబేజీ, బంగాళాదుంప, వెన్న, చీజ్ వేసి చేస్తారు. తిన్నాక బండి కన్నా నువ్వు బరువెక్కుతావు. వైన్ పోస్తుంటే గ్లాసు మీద చెయ్యి పెట్టి బండి వైపు చూపించు చాలు. మన పెళ్ళిళ్ళలోలా బలవంతం చెయ్యరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది గ్యారేజీ శనివారాలు. ఆ వీ-ట్విన్ ఇంజన్‌కి రెండు సిలిండర్లూ ట్యాంకుకి చెరోవైపు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అందుకే వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు, ఇంట్లోనే చూసుకుంటారు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెడతారు కాబట్టి ముందు కాఫీ, తర్వాత మూతలు విప్పడం, తర్వాత ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ ఎక్కడ పెట్టావని ఒకరినొకరు తిట్టుకోవడం. కొత్తవాడికి లైటు పట్టుకునే ఉద్యోగం ఇస్తారు. నేను ఇటాలియన్ నేర్చుకున్నది ఆ ఉద్యోగంలోనే, తిట్లతో సహా.

అలాంటి ఒక శనివారమే ఫాల్కోనె పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచాడు. ఇంజన్‌లో ఒత్తిడి తగ్గించే డీకంప్రెషర్ లీవర్ నొక్కిపట్టి, కిక్ మీద బరువంతా వేశాడు. ఇంజన్ ముందుకి పడుకుని ఉంటుంది, గంగాళం మూతంత ఇనప చక్రం, ఫ్లైవీల్ అంటారు, ఏ మూతా లేకుండా బయటే తిరుగుతుంది. దుబ్... దుబ్... దుబ్... ఒక్కో దెబ్బా లెక్కపెట్టొచ్చు, మన పాత బుల్లెట్ కంటే తాపీ. ఆయన తల పక్కకి వంచి, "విన్నావా?" అన్నాడు. ఏం వినాలో అర్థం కాకపోయినా విన్నానన్నాను. "లేదు, ఇంకా వినలేదు" అని మళ్ళీ స్టార్ట్ చేశాడు. అప్పటికి ధర అడిగి నాలుగు నెలలైంది.

ఎండలొచ్చాక పల్లెల్లో చర్చిల ముందు బళ్ళకి దీవెనలుంటాయి. ఫాదర్ వరసగా నీళ్ళు చల్లుకుంటూ వస్తారు, అందరూ హారన్లు కొడతారు. దసరాకి మనింట్లో బండికి బొట్టుపెట్టి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన ఫొటో ఫోన్లో పెట్టుకుని వెళ్ళు. నీ చుట్టూ గుంపు చేరకపోతే నన్నడుగు. సెప్టెంబర్లో మండెల్లోలో గుట్సి వాళ్ళ తిరునాళ్ళు జరుగుతుంది. జర్మనీ నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో వస్తారు, సరస్సు పక్కన నడవడానికి సందుండదు. అప్పుడు చూడటానికి వెళ్ళకు, ఏదైనా పని అడుగు. కప్పులు అందించినా సరే.

లైసెన్సు సంగతి అశ్రద్ధ చెయ్యకు. అక్కడ నివాసం నమోదయ్యాక మన లైసెన్సు ఏడాదే పనికొస్తుంది. తర్వాత మొదటి నుంచీ పరీక్షే, థియరీ కూడా ఇటాలియన్‌లోనే. రోడ్డు మీద ఎదురొచ్చిన బండివాడికి ఎడమచేతి రెండువేళ్ళు కిందికి చూపిస్తే పలకరింపు. మలుపులో ఉంటే చెయ్యి తియ్యకు, తలూపు.

వచ్చే ఆదివారం ఫ్యాక్టరీ ఎర్ర గేటు దగ్గరికి వెళ్ళి, నేను ఫోన్లో చెప్పిన పేరు అడుగు. నేను తిరిగొచ్చేటప్పుడు నా గ్లవ్స్ వాళ్ళ గ్యారేజీలో, కిటికీ పక్క మేకుకి తగిలించి వచ్చాను. ఎడమదాని బొటనవేలు చిరిగింది. ఉన్నాయో, పారేశారో చూసి చెప్పు. ఉంటే వేసుకో, నీ చేతికి సరిపోతాయి.

మావయ్య