నాళికలో ప్రవాహం పెరిగితే వడపోత తగ్గుతుందా?

ప్రశ్న: మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ విభాగమైన నెఫ్రాన్ నాళికలో ద్రవప్రవాహం పెరిగితే అదే నెఫ్రాన్‌లో వడపోత తగ్గుతుందని చదివాను. వడపోత పెరిగితేనే కదా ప్రవాహం పెరిగేది? అయినా అంత సూక్ష్మమైన నాళికలో ఈ సంగతి ఎలా కొలిచారు?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరన్నట్లు వడపోతే ప్రవాహానికి మూలం. అయితే ఆ ప్రవాహం వెనక్కి తిరిగి వడపోతను అదుపు చేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో స్పష్టత కోసం నాళికను సాగదీసి గీస్తారు గనుక అసలు కీలకం బొమ్మలో కనిపించదు: హెన్లీ శిక్యపు (నాళిక కిందికి దిగి మళ్లీ పైకెక్కే వంపు) ఆరోహక భాగం పైకి వచ్చి, ఆ నాళిక బయలుదేరిన గుచ్ఛాన్నే (రక్తం వడపోత జరిగే సన్నని రక్తనాళాల ముద్ద), అంటే దానికి రక్తం తెచ్చే అభివాహి ధమనికను ఆనుకుని వెళుతుంది. అక్కడి నాళిక గోడలో మాక్యులా డెన్సా అనే కణాల గుంపు ఉంటుంది. ప్రవాహం వేగంగా ఉన్నప్పుడు ఆరోహక భాగానికి ఉప్పును పూర్తిగా పీల్చుకునే వ్యవధి చాలదు కాబట్టి, ఈ కణాలను చేరే ద్రవంలో సోడియం క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. దాన్ని లోనికి తీసుకున్న కణాలు ఏటీపీ అనే అణువును విడుదల చేస్తాయి, దాని నుంచి ఏర్పడిన అడినోసిన్ అనే రసాయనం అభివాహి ధమనికను ముడుచుకునేలా చేస్తుంది, గుచ్ఛంలో రక్తపీడనం పడిపోయి వడపోత తగ్గుతుంది.

కొలత విషయానికి వస్తే, మనిషి రెండు మూత్రపిండాల్లోని సుమారు 20 లక్షల నెఫ్రాన్లు కలిసి నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తాయి, అంటే ఒక్కోదాని వాటా 60 నానోలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మత్తిచ్చిన ఎలుకల మూత్రపిండం పైపొరలో ఉన్న ఒక నాళికలోకి సన్నని గాజు సూదిని గుచ్చి, గుచ్ఛానికి దగ్గరి భాగమైన సమీపస్థ నాళికను మైనంతో మూసి, ఆ అడ్డుకు ముందు చేరిన ద్రవాన్ని సేకరిస్తూ, అడ్డుకు అవతల నుంచి శిక్యంలోకి కృత్రిమ ద్రవాన్ని తమకు కావలసిన వేగంతో పంపి, 1960ల నుంచి శాస్త్రజ్ఞులు ఈ సంబంధాన్ని పరీక్షించారు. శిక్యంలోకి ప్రవాహాన్ని పెంచిన కొద్దీ ఆ నెఫ్రాన్ వడపోత తగ్గింది. సాధారణ ప్రవాహానికి దగ్గరగా ఉన్నచోట ఈ స్పందన అత్యంత తీవ్రంగా ఉంటుంది, ఒక స్థాయి దాటాక ఎంత పెంచినా పెద్ద తేడా ఉండదు. అడ్డు పెట్టి ద్రవాన్నంతా సమీపస్థ నాళికలోనే తోడేస్తే మాక్యులా డెన్సాకు ఏమీ అందదు కనుక, మాక్యులా డెన్సా తర్వాతి భాగమైన దూరస్థ నాళికలో సేకరించి కొలిచినప్పటి కంటే అక్కడ వడపోత ఎక్కువగా నమోదవుతుంది. కొలిచే పద్ధతే కొలతను మార్చేసే ఈ వైచిత్రి నాకు ప్రయోగమంతటిలోనూ అత్యంత నమ్మదగిన సాక్ష్యంగా తోస్తుంది.

ద్రవం శిక్యమంతా తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. అందువల్ల దిద్దుబాటు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే జరిగి, ఎలుకల నాళికల్లో పీడనం నిమిషానికి రెండు మూడుసార్లు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది.

వైద్యంలోనూ దీని జాడ ఉంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ అనే మందు మాక్యులా డెన్సా ఉప్పును లోనికి తీసుకునే దారినే మూసేస్తుంది, కాబట్టి ఎంత ఉప్పు వచ్చినా ధమనిక ముడుచుకోదు. మధుమేహంలో దీనికి భిన్నమైన స్థితి ఉంటుంది: సమీపస్థ నాళిక గ్లూకోజ్‌తో పాటు సోడియాన్నీ అధికంగా పీల్చుకోవడంతో మాక్యులా డెన్సాకు తక్కువ ఉప్పు చేరి, ధమనిక విప్పారి, వడపోత మితిమీరుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుని సంకేతాన్ని పునరుద్ధరిస్తాయి. వీటిని మొదలుపెట్టిన తొలి వారాల్లో, వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థపదార్థమైన క్రియాటినిన్ కొద్దిగా పెరగడానికి ప్రధాన కారణం ఇదే, అందుకే వైద్యులు ఆ స్వల్ప పెరుగుదలను చూసి సాధారణంగా మందు ఆపరు.