డబ్బు గుంతకు కాదు, బతికిన మొక్కకు ఇవ్వాలి

ప్రశ్న: వాతావరణ మార్పును తట్టుకోవడానికి అడవులు పెంచుతామంటూ ఖర్చుపెట్టే నిధుల్లో అవినీతికి ఎక్కువ ఆస్కారం ఎక్కడ?

మొక్కల్ని లెక్కపెట్టే చోట. మంత్రులు, టెండర్లు అంటూ అందరూ పైన వెతుకుతారు. నేను కింద చూశాను.

బెంగళూరులో ఆడిట్ ఉద్యోగం నాది. ఒక కంపెనీ తాను గాల్లోకి వదిలే కార్బన్‌కు బదులుగా చూపించే లెక్క కోసం ఆనేకల్ వైపు నాటించిన మొక్కల్ని చూసి రమ్మని నన్ను పంపారు. రిజిస్టర్ పక్కాగా ఉంది. ప్రతి ఫొటో మీదా తేదీ, అక్షాంశం, రేఖాంశం. తీరా వెళ్తే వరుసగా గుంతలు, గుంతకో ఎండుపుల్ల. ఒకటి పట్టుకుని లాగితే సులువుగా వచ్చేసింది. నర్సరీ నల్ల కవర్ దానికి అలాగే ఉంది! లోపల వేళ్లు చుట్టలు చుట్టుకుని చచ్చిపోయాయి. ఆ వరుసలో నలభై గుంతలు చూస్తే ఆకున్నవి ఐదు.

అక్కడి వాచర్‌ది బాగేపల్లి. నేను తెలుగులో పలకరించేసరికి మనసు విప్పాడు. "దినానికి ఇన్ని నాటాలని తరుముతా ఉంటే కవర్ ఎవరు చింపుతారు మేడం? బిల్లు గుంతకు గదా" అన్నాడు. నీళ్ల ట్యాంకర్ వచ్చింది రెండే సార్లట. బిల్లులు మాత్రం వారం వారం ఉన్నాయి. ఆయనకు ఐదు నెలలుగా జీతం లేదు.

చూసింది చూసినట్టు రాశాను. చివరి రిపోర్టులో ఆ పేరా స్థానంలో "మొక్కలు ఎదుగుదల దశలో ఉన్నాయి" అని ఉంది. మరుసటి ఏడాది అవే గుంతలకు మళ్లీ నాటిన బిల్లు వచ్చింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది అందుకే. మొక్క చస్తే ఎవరికీ నష్టం లేదు, ఇంకో బిల్లు పుడుతుంది.

ప్రభుత్వ నిధుల సంగతీ ఇదే. అడవి నరికినందుకు బదులుగా కట్టించుకునే కంపా సొమ్ముతో ఉత్తరాఖండ్‌లో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు కొన్నారని 2025లో ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ బయటపెట్టింది. జనం ఐఫోన్ల దగ్గరే ఆగిపోయారు. 2017-22 మధ్య నాటిన మొక్కల్లో దాదాపు మూడో వంతే బతికాయని కూడా అదే నివేదికలో ఉంది. నాకు అదే పెద్ద దొంగతనం.

శాటిలైట్ పట్టేస్తుంది కదా అంటారు. మోకాలెత్తు మొక్క దానికి ఎక్కడ కనిపిస్తుంది? పైగా మన అటవీ సర్వే లెక్కలో హెక్టారు స్థలంలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, మామిడి తోటైనా అడవి విస్తీర్ణంలో కలుస్తుంది. ఇక్కడ రోడ్డు వెడల్పు కోసం తాతల నాటి వానచెట్టు కొట్టేసి, బదులుగా ఊరవతల పది మొక్కలు నాటామంటే నాకు ఒళ్లు మండుతుంది.

నన్నడిగితే, నాటిన రోజు సగం డబ్బే ఇవ్వాలి. మిగతాది ఐదో ఏట, ఆ ఊరి గ్రామసభ మనుషులు చెట్టు చెట్టూ ముట్టుకుని లెక్కపెట్టాక. ఆ ఐదేళ్లూ వాచర్ జీతం కాంట్రాక్టర్ చేతి మీదుగా కాకుండా నేరుగా బ్యాంకులో పడాలి.